ఎరుపు వెలుగుకు ఒంటె సాయం

మైక్రోస్కోప్‌లో మొదట ఏం చూశారని మన బడి పాత విద్యార్థులను అడిగితే, చాలామంది చెప్పే జవాబు ఒకటే: ఉల్లిపొర. ఉల్లిపాయ రెక్క లోపలివైపు నుంచి పలుచని పొర ఒలిచి, స్లైడు మీద నీటిబొట్టులో పరిచి, ఒక చుక్క సాఫ్రనిన్ వేసి, గాలిబుడగ చేరకుండా కవర్‌స్లిప్ మూయాలి. ఆ పని ఓపికగా నేర్పిన సైన్సు మాస్టార్లు, టీచర్లు ఈ సంచిక చదివేవాళ్ళలో ఉన్నారు. రంగు పడకముందు గాజుముక్కలా ఉన్న పొర, రంగు పడ్డాక ఎర్ర ఇటుకల గోడలా కనబడేది. కణం అనే మాట పుస్తకంలోంచి కంటి ముందుకు వచ్చేది అప్పుడే.

అయితే సాఫ్రనిన్‌తో ఒక చిక్కు ఉంది. కణం గోడకూ కేంద్రకానికీ కూడా అది అంటుకుంటుంది. ఒక కణంలో వేల రకాల ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో నాకు కావలసిన ఒక్క ప్రోటీన్‌కే రంగు వేసి, మిగతావాటిని చీకట్లో ఉంచాలంటే ఎలా? ఈ ప్రశ్న వెంట సుమారు ఎనభై ఏళ్ళ చరిత్ర నడిచింది.

సంపాదకులు చరిత్ర వ్యాసం కావాలన్నారు. ఊరి చరిత్ర, బడి చరిత్ర నాకంటే బాగా రాయగలవాళ్ళు మనలో ఉన్నారు. నా ఉద్యోగం ఒక పరిశోధన సంస్థలో మైక్రోస్కోపుల విభాగంలో. రోజూ నా బల్ల మీద ఉండే ఒక చిన్న సీసా చరిత్ర నాకు తెలుసు. అందులో ఉన్నది ఎర్రగా వెలిగే ప్రోటీన్‌ను పట్టుకుని, దాని మసక వెలుగును నిలబెట్టే నానోబాడీ. దాని వెనక జెల్లీ చేపలు, పగడాలు, ఒంటెలు ఉన్నాయి. ప్రాక్టికల్ తరగతిలో "మేం ఎలుకను చంపం" అన్న కొందరు విద్యార్థులు కూడా ఉన్నారు. ఆ విద్యార్థుల కోసమే ఈ చరిత్ర మన సంచికకు తగినదని నాకనిపించింది.

రంగుకు చిరునామా

కొన్ని పదార్థాలు ఒక రంగు వెలుగును పీల్చుకుని మరో రంగు వెలుగును బయటికి ఇస్తాయి. పసుపు కలిపిన నూనెను నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం కింద పెట్టి చూడండి, ఆకుపచ్చ ఛాయతో మెరుస్తుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ప్రతిదీప్తి అన్నారు, వాడుకలో ఫ్లోరోసెన్స్ అంటాం. 1852లో జార్జ్ గాబ్రియల్ స్టోక్స్ క్వినైన్ ద్రావణం మీద పరిశోధన చేస్తూ దీనికి ఆ పేరు పెట్టాడు. పీల్చుకున్న వెలుగు కంటే ఇచ్చే వెలుగు తరంగం పొడవుగా ఉంటుంది. అందువల్ల వేసిన వెలుగును ఒక ఫిల్టర్‌తో ఆపేసి, నమూనా నుంచి వచ్చిన వెలుగును మాత్రమే చూడవచ్చు. నల్లటి తెర మీద దీపాలు చూసినట్టుంటుంది.

దీపం సరే, దాన్ని సరైన ఇంటి ముందు పెట్టేదెవరు? 1941లో హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ బృందం దానికి జవాబు చూపింది. మన రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి. ఒక్కో యాంటీబాడీ ఒక్కో లక్ష్యాన్ని గుర్తుపట్టి పట్టుకుంటుంది. కూన్స్ బృందం న్యుమోనియా కలిగించే బ్యాక్టీరియాను గుర్తుపట్టే యాంటీబాడీకి ఫ్లోరోసెంట్ రంగును రసాయనికంగా అంటించింది. యాంటీబాడీ చిరునామా వెతుక్కుంటూ వెళ్ళింది, రంగు దాని భుజం మీద కూర్చుని వెళ్ళింది. నేటికీ ప్రపంచంలో అనేక వ్యాధి నిర్ధారణ పరీక్షలకు ఆ పద్ధతే ఆధారం.

దానికీ పరిమితులున్నాయి. యాంటీబాడీ లోపలికి పోవాలంటే కణాన్ని రసాయనాలతో స్థిరపరచాలి, పొరకు కన్నాలు చేయాలి. బతికున్న కణంలో పని సాగుతుండగా చూడటం ఆ దారిలో కుదరదు. కణమే తన దీపాన్ని తాను వెలిగించుకుంటే బాగుండును. ఆ కోరిక తీరడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది.

జెల్లీ చేప ఇచ్చిన ఆకుపచ్చ

1945 ఆగస్టులో నాగసాకి మీద బాంబు పడినప్పుడు, అక్కడికి కొద్ది దూరంలోని ఇసహాయాలో పదహారేళ్ళ ఒసాము షిమొమురా ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఆ వెలుగుకు కాసేపు అతనికి చూపు పోయింది. తర్వాతి జీవితమంతా అతను వెలుగునే వెతికాడు. 1961 వేసవిలో అమెరికా పశ్చిమ తీరాన, ఫ్రైడే హార్బర్‌లో, ఫ్రాంక్ జాన్సన్‌తో కలిసి జెల్లీ చేపలు పట్టాడు. ఆ ఒక్క వేసవిలోనే సుమారు 10,000 జెల్లీ చేపలు. వాటి గొడుగు అంచున మాత్రమే వెలుగు ఉంటుంది కనుక, ఒక్కోదాని అంచును కత్తెరతో కత్తిరించి రసం పిండాలి.

వెలుగునిచ్చే పదార్థాన్ని చెడకుండా బయటికి తీయడం ఎన్నాళ్ళకూ సాధ్యం కాలేదు. ఒకరోజు పనికిరాదనుకున్న రసాన్ని సింకులో పారబోస్తే సింకు నీలంగా భగ్గుమంది. సింకులోకి అక్వేరియం నుంచి సముద్రపు నీరు కూడా వస్తోంది. సముద్రపు నీటిలోని కాల్షియమే ఆ వెలుగుకు మీట అని షిమొమురా గ్రహించాడు. 1962లో ఆ నీలి వెలుగు ప్రోటీన్ గురించి ప్రకటించిన పత్రంలో, దాని పక్కనే ఆకుపచ్చగా మెరిసే మరో ప్రోటీన్ కనిపించిందని కూడా రాశారు. అదే నేటి గ్రీన్ ఫ్లోరోసెంట్ ప్రోటీన్, పొట్టిగా జీఎఫ్‌పీ.

దాని గొప్పతనం ఏమిటంటే, వెలగడానికి బయటి నుంచి వేరే రంగు పదార్థం అక్కర్లేదు. 238 అమైనో ఆమ్లాల గొలుసు పీపాలా ముడుచుకుంటుంది, మధ్యలోని మూడు అమైనో ఆమ్లాలు తమంతట తాము కలిసి దీపమవుతాయి. కాబట్టి ఆ జన్యువును ఏ కణంలో పెడితే ఆ కణం వెలుగుతుంది. ఆ జన్యువును జెల్లీ చేప నుంచి విడదీసి, దాని అక్షరక్రమాన్ని 1992లో ప్రకటించినవాడు డగ్లస్ ప్రాషర్. తర్వాత అతనికి పరిశోధన నిధులు రాలేదు. తన దగ్గరున్న జన్యువును అడిగినవాళ్ళకు పంపేశాడు. అడిగినవాళ్ళలో ఇద్దరు మార్టిన్ చాల్ఫీ, రోజర్ చెన్. చాల్ఫీ 1994లో ఒక చిన్న పురుగులోని స్పర్శ నాడీకణాలను ఆకుపచ్చగా వెలిగించి చూపాడు. చెన్ దాన్ని మరింత కాంతివంతం చేశాడు, రంగులు మార్చాడు.

2008లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి షిమొమురా, చాల్ఫీ, చెన్‌లకు వచ్చింది. ఆనాటికి ప్రాషర్ అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో ఒక కార్ల షోరూము వాళ్ళ వ్యాను నడుపుతున్నాడు. చాల్ఫీ, చెన్ తమ ఖర్చుతో అతన్ని, అతని భార్యను స్టాక్‌హోమ్ వేడుకకు పిలిపించుకున్నారు. కొన్నేళ్ళకు అతను చెన్ ప్రయోగశాలలోనే మళ్ళీ పరిశోధనకు చేరాడు. ప్రాషర్ ఆ జన్యువును తన ఫ్రీజర్‌లో దాచుకుని ఉంటే ఈ చరిత్ర ఎంత ఆలస్యమయ్యేదో ఊహించుకోవచ్చు.

మాస్కో అక్వేరియంలోని ఎరుపు

ఆకుపచ్చ ఒక్కటే చాలదు. ఒకే కణంలో రెండు ప్రోటీన్లు కలుస్తున్నాయా, విడిపోతున్నాయా అన్నది చూడాలంటే రెండు రంగులు కావాలి. పైగా జంతువుల కణజాలం తనకు తానే కొంత ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆకుపచ్చ దీపం ఆ మెరుపులో కలిసిపోతుంది. ఎర్రని వెలుగు కణజాలంలో తక్కువగా చెదురుతుంది కనుక లోతు నుంచి కూడా బయటికి వస్తుంది. అందుకని 1990లలో అందరూ ఎరుపు కోసం వెతికారు. జెల్లీ చేప ప్రోటీన్‌ను ఎంత మార్చినా అది పసుపు దాటి రాలేదు.

ఎరుపు దొరికింది మాస్కోలో. అక్కడ మిఖాయిల్ మాట్జ్, సెర్గేయ్ లుక్యానోవ్ బృందం వెలుగునిచ్చే జీవులను వదిలేసి, వెలగకపోయినా రంగురంగులుగా ఉండే పగడపు జాతి జీవులను పరీక్షించింది. అవి అక్వేరియంలో పెంచుకునేవి. వాటిలో డిస్కోసోమా అనే జీవి నుంచి 583 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలిగే ప్రోటీన్ వచ్చింది. 1999లో ప్రకటించిన ఈ ప్రోటీన్‌నే తర్వాత డీఎస్‌రెడ్ అన్నారు. అమైనో ఆమ్లాల వరుసలో దీనికీ జెల్లీ చేప ప్రోటీన్‌కూ పోలిక మూడో వంతు కూడా లేదు. పీపా ఆకారం మాత్రం ఒకటే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

డీఎస్‌రెడ్‌కు రెండు దుర్గుణాలు. ఒకటి, నాలుగేసి ప్రోటీన్లు గుంపుకట్టి ఉంటాయి. ఒక ప్రోటీన్‌కు గుర్తుగా దీన్ని తగిలిస్తే, ఆ ప్రోటీన్లను కూడా గుంపుకట్టిస్తుంది. రెండు, పూర్తిగా ఎరుపెక్కడానికి రోజు దాటుతుంది. చెన్ ప్రయోగశాలలో రాబర్ట్ క్యాంప్‌బెల్ తదితరులు ఈ గుంపును విడగొట్టే పనిలో పడ్డారు. 33 మార్పులు చేశాక 2002లో ఒంటరిగా ఉండే ఎర్ర ప్రోటీన్ వచ్చింది. దాని పేరు ఎమ్‌ఆర్‌ఎఫ్‌పీ 1. త్వరగా ఎరుపెక్కుతుంది, తోటి ప్రోటీన్లను కట్టిపడేయదు. కానీ గుంపును విడిచినందుకు మూల్యం చెల్లించింది: కాంతి తగ్గింది. 2004లో నేథన్ షేనర్, చెన్ తదితరులు దాన్ని మెరుగుపరిచి పళ్ళ పేర్లతో ఒక వరుస తెచ్చారు. అందులో ఎమ్‌చెర్రీ నేటికీ ఎక్కువగా వాడేది.

ఎమ్‌చెర్రీ గట్టిది, నమ్మదగినది, అయినా మసక దీపమే. పీల్చుకున్న ప్రతి 100 ఫోటాన్లకు సగటున 22 మాత్రమే తిరిగి ఇస్తుంది. ప్రయోగశాలల్లో వాడే మెరుగైన ఆకుపచ్చ ప్రోటీన్ 60 ఇస్తుంది. మంచి రసాయన రంగులు 80 దాటి ఇస్తాయి.

పోయిన ఎరుపు అంటే ఏమిటి

నా బల్ల దగ్గర ఈ 22 అనే అంకె ఎలా ఎదురవుతుందో చెబుతాను. ఒక పరిశోధక విద్యార్థిని ఎలుక మెదడు ముక్కల స్లైడులు పట్టుకొస్తుంది. ఒక రకం నాడీకణాల్లో మాత్రమే ఎర్ర ప్రోటీన్ తయారయ్యేలా నెలల తరబడి పని చేసి ఉంటుంది. ఆ ఎలుక ప్రాణం ఆ స్లైడుల్లో ముగిసింది. ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరిచి, ముక్కలు కోసి, కడిగి, మూసి తెచ్చేసరికి ఎరుపు ఇంకాస్త తగ్గుతుంది. లేజర్ కింద పెడితే కణం బొడ్డు కనబడుతుంది, దాని నుంచి బయలుదేరే సన్నని తీగలు కనబడవు. ఆమెకు కావలసింది ఆ తీగలే. ఏ కణం ఏ కణంతో మాట్లాడుతోందో చెప్పేవి అవే.

లేజర్ పెంచి చూద్దామంటే ఎరుపు మరింత వేగంగా మాడిపోతుంది. కెమెరాను ఎక్కువసేపు తెరిచి ఉంచితే వెనకటి మసక కూడా పెరుగుతుంది. మిగిలిన దారి మళ్ళీ మొదటి నుంచి చేయడం. మళ్ళీ చేయడమంటే నెలల కాలం, ఇంకొన్ని ఎలుకలు. మసకబారిన స్లైడు ఖరీదు డబ్బు లెక్కల్లో తేలదని ఆ విద్యార్థుల ముఖాలు చూసినప్పుడు తెలుస్తుంది.

యాంటీబాడీతో ఎర్ర ప్రోటీన్‌ను గుర్తుపట్టించి, దానిపై గట్టి రంగు తగిలించవచ్చు. చాలాకాలం అలాగే చేశారు, నేటికీ చేస్తారు. కానీ మామూలు యాంటీబాడీ పెద్దది. 10 నుంచి 15 నానోమీటర్లు ఉంటుంది. దానిపై రంగు మోసే రెండో యాంటీబాడీ ఎక్కుతుంది. మందపాటి మెదడు ముక్క లోపలికి ఈ జంట దూరలేదు. ఇరుకు సందులోకి లారీని తీసుకెళ్ళబోయినట్టుంటుంది. పై పొర మెరుస్తుంది, లోపల చీకటి మిగులుతుంది. అక్కడికి సైకిల్ లాంటిది కావాలి. ఆ సైకిల్ బెల్జియంలో, ఎవరూ దానికోసం వెతకని చోట దొరికింది.

బ్రస్సెల్స్ ప్రాక్టికల్ తరగతి

1980ల చివరి మాట. బ్రస్సెల్స్ ఫ్రీ యూనివర్సిటీలో రేమండ్ హామర్స్ అనే ప్రొఫెసర్ దగ్గర జీవశాస్త్ర విద్యార్థులకు ఒక ప్రాక్టికల్ ఉండేది. రక్తం నుంచి యాంటీబాడీలను వేరు చేసి, వాటి బరువైన గొలుసులను, తేలికైన గొలుసులను విడదీసి చూపాలి. మనం ఉల్లిపొర చూసినట్టే, ఫలితం ముందే తెలిసిన ప్రయోగం. ఆ ప్రయోగశాలలో చెప్పుకునే కథ ప్రకారం, విద్యార్థులు అభ్యంతరం చెప్పారు. అది ఎయిడ్స్ భయం ముమ్మరంగా ఉన్న కాలం కనుక మనిషి రక్తం వద్దన్నారు. ఒక ప్రాక్టికల్ కోసం ఎలుకలను చంపడం కూడా వద్దన్నారు. పుస్తకంలో ఉన్న జవాబునే మళ్ళీ రాబట్టడంలో వాళ్ళకు ఆసక్తీ లేదు.

ఆ సమయంలో హామర్స్ కోప్పడి ఊరుకుని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. ఆయన ఫ్రీజర్ వెతికాడు. ఒంటెలకు వచ్చే ట్రిపనోసోమా జబ్బు మీద జరిగిన పరిశోధనలో మిగిలిన ఒంటి మూపురం ఒంటె రక్తద్రవం అందులో ఉంది. దీనితో చేయండి అన్నాడు. విద్యార్థులు చేశారు. ఉండవలసిన గీతలతో పాటు, ఉండకూడని గీతలు కూడా వచ్చాయి. మామూలు యాంటీబాడీలో రెండు బరువైన గొలుసులు, రెండు తేలికైన గొలుసులు ఉంటాయి. ఒంటె రక్తంలో తేలికైన గొలుసులే లేని యాంటీబాడీలు కూడా ఉన్నాయి.

"ఎక్కడో తప్పు చేసి ఉంటారు, మళ్ళీ చేసి రికార్డు రాయండి" అనడం తేలిక. హామర్స్ బృందం అలా అనలేదు. చెడిపోయిన రక్తమేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి తాజా రక్తం తెచ్చి చూశారు, ఒంటె దాయాదులైన లామాల్లో చూశారు. అదే ఫలితం. సెసిల్ కాస్టర్‌మన్, సెర్జ్ మైల్డర్‌మన్స్ తదితరులతో కలిసి హామర్స్ 1993 జూన్‌లో నేచర్ పత్రికలో దీన్ని ప్రకటించాడు.

ఈ వింత యాంటీబాడీ కొసన, లక్ష్యాన్ని పట్టుకునే ముక్క ఒంటరిగా పనిచేయగలదు. మామూలు యాంటీబాడీలో ఆ పనికి రెండు గొలుసుల కొసలు కలవాలి, ఒంటెలో ఒక్క కొసే చాలు. దాన్ని కత్తిరించి విడిగా తీస్తే బరువు మామూలు యాంటీబాడీలో పదో వంతు, పొడవు 2 నుంచి 4 నానోమీటర్లు. దీనికే తర్వాత నానోబాడీ అని పేరొచ్చింది. దాని జన్యువును ఒక్కసారి పట్టుకుంటే చాలు, ఇ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి ఎంత కావాలంటే అంత తయారు చేసుకోవచ్చు. ఒంటె నుంచో లామా నుంచో కాస్త రక్తం తీస్తారు, ఆ జంతువు మళ్ళీ మేతకు పోతుంది. ఎలుకను చంపమన్న విద్యార్థుల మాట ఎక్కడిదాకా పోయిందో చూడండి.

రెండు దారులు కలిసిన చోటు

సముద్రం నుంచి వచ్చిన వెలుగును, ఎడారి జంతువు నుంచి వచ్చిన పట్టును కలిపిన ఊరు మ్యూనిక్. 2006లో అక్కడ ఉల్రిక్ రోత్‌బౌర్, హైన్రిచ్ లియోన్‌హార్ట్ బృందం నానోబాడీకి ఫ్లోరోసెంట్ ప్రోటీన్‌ను తగిలించి, బతికున్న కణంలోనే తయారయ్యేలా చేసింది. లోపలి ప్రోటీన్లను అది వెతికి పట్టుకుని చూపించింది. ఫ్లోరోసెంట్ ప్రోటీన్‌నే గుర్తుపట్టే నానోబాడీలు కూడా వచ్చాయి. 2012లో జ్యూరిక్‌లో యోనస్ రీస్, హెల్గే ఎవర్స్ తదితరులు జీఎఫ్‌పీని పట్టుకునే నానోబాడీకి మంచి రసాయన రంగు అంటించి, సాధారణ మైక్రోస్కోప్‌కు అందని సూక్ష్మ వివరాలను చిత్రించారు. యాంటీబాడీల జంట వాడితే రంగు లక్ష్యానికి పది ఇరవై నానోమీటర్ల దూరంలో కూర్చుంటుంది. నానోబాడీ వాడితే దాదాపు లక్ష్యం పక్కనే ఉంటుంది. ఆ స్థాయి చిత్రాల్లో ఈ తేడా చాలా పెద్దది.

ఎరుపుకు మాత్రం ఇవి పనికిరావు. పగడపు ప్రోటీన్‌కూ జెల్లీ చేప ప్రోటీన్‌కూ పోలిక తక్కువని పైన చెప్పాను. జీఎఫ్‌పీ నానోబాడీకి ఎమ్‌చెర్రీ పరాయిదే. ఎరుపుకు వేరే నానోబాడీలు కావాలి. 2014లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధనలో లామాల ద్వారా జీఎఫ్‌పీకీ, ఎమ్‌చెర్రీకీ విడివిడిగా అనేక నానోబాడీలు సంపాదించారు. మ్యూనిక్ బృందం పని నుంచి పుట్టిన క్రోమోటెక్ సంస్థ జీఎఫ్‌పీ బూస్టర్, ఆర్‌ఎఫ్‌పీ బూస్టర్ అనే పేర్లతో రంగు అంటించిన నానోబాడీలను అమ్మకానికి తెచ్చింది. ఈ పోలిక లేకపోవడం కలిసొచ్చింది కూడా. ఒకే స్లైడులో ఆకుపచ్చకు ఒక నానోబాడీ, ఎరుపుకు ఒక నానోబాడీ వేస్తే ఒకదాని జోలికి ఒకటి పోదు.

బూస్టర్ అనే పేరు కాస్త తికమక పెడుతుంది. ఇది ఎమ్‌చెర్రీని తిరిగి వెలిగించదు. ఎమ్‌చెర్రీ ఉన్నచోటికి వెళ్ళి దాన్ని పట్టుకుంటుంది, తన మీదున్న రంగుతో తాను వెలుగుతుంది. ఆటో 594 అనే రంగునే తీసుకుంటే, పీల్చుకున్న 100 ఫోటాన్లలో 85 వరకు తిరిగి ఇస్తుంది. వెలుగును పీల్చుకోవడంలోనూ ఎమ్‌చెర్రీని మించుతుంది. రెండూ కలిపి చూస్తే ఒక్కో రంగు అణువు ఎమ్‌చెర్రీ కంటే ఆరు రెట్ల దాకా ప్రకాశవంతం. అంత త్వరగా మాడిపోదు కూడా.

పని చేసే విధానం చూస్తే ఇంత చరిత్ర దీని వెనక ఉందా అనిపిస్తుంది. స్థిరపరిచిన ముక్కను కడగాలి. పొరకు కన్నాలు చేసే సబ్బులాంటి ద్రవంలో ఉంచాలి. అడ్డదిడ్డంగా అంటుకోకుండా అల్బుమిన్ లాంటి ప్రోటీన్ ద్రావణంలో నానబెట్టాలి. సీసాలోని నానోబాడీని పలుచన చేసి వేయాలి. పలుచని పొర కణాలకు గంట చాలు, మందపాటి ముక్కలకు రాత్రంతా ఉంచాలి. మళ్ళీ కడిగి, మూసి, చీకట్లో దాచాలి. రెండో యాంటీబాడీ, దాని కడుగుళ్ళు ఉండవు. ఉల్లిపొర మీద సాఫ్రనిన్ వేసిన చేతికి ఇది కొత్త పనేమీ కాదు.

ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో 2019లో మ్యూనిక్‌లోనే అలీ ఎర్ట్యుర్క్ బృందం చూపింది. ఎలుక దేహంలోని నీటిని, కొవ్వును ద్రావకాలతో తొలగిస్తే అది గాజులా పారదర్శకమవుతుంది. కానీ ఆ ద్రావకాల్లో ఫ్లోరోసెంట్ ప్రోటీన్ల వెలుగు చచ్చిపోతుంది. వాళ్ళు నానోబాడీలను రక్తనాళాల ద్వారా దేహమంతా ప్రవహింపజేశారు. నానోబాడీలు చిన్నవి గనుక మూలమూలకూ వెళ్ళాయి. ఫ్లోరోసెంట్ ప్రోటీన్ల సంకేతం నూరు రెట్ల దాకా పెరిగింది. కోయకుండానే మొత్తం దేహంలో నాడుల దారులు చిత్రించారు. పుర్రె ఎముకనూ మెదడు పొరలనూ కలిపే సన్నని నాళాలను ఆ చిత్రాల్లో చూపారు.

చేయలేనిది కూడా చెప్పాలి

నా దగ్గరికి వచ్చే విద్యార్థులకు ఈ సీసా ఇచ్చేముందు రెండు మాటలు చెబుతాను. మొదటిది, నానోబాడీ ప్రోటీన్ ఆకారాన్ని గుర్తుపడుతుంది. ఎర్ర ప్రోటీన్ మసకబారినా దాని ఆకారం మిగిలుంటే దొరుకుతుంది. మితిమీరిన వేడికో ఘాటు రసాయనాలకో ఆకారమే చెదిరితే ఏ ఒంటె కూడా సాయపడలేదు. రెండోది, ఎర్ర ప్రోటీన్ అసలే లేని ఒక స్లైడుకు కూడా ఇదే నానోబాడీ వేసి పక్కన పెట్టుకోవాలి. అక్కడ కూడా వెలుగు కనబడితే, మనం చూస్తున్నది అంటుకోకూడని చోట అంటుకున్న రంగు. వెలుగు పెరిగినంత మాత్రాన నిజం పెరగదు. నానోబాడీ ఉన్నదాన్ని చూపించాలి, లేనిదాన్ని కల్పించకూడదు.

ఈ జాగ్రత్తలతో చేస్తే, ఇందాక చెప్పిన స్లైడుల్లో తీగలు కనబడతాయి. కణం బొడ్డు నుంచి బయలుదేరి, చీలి, మరో పొరలోకి పోయి, చివర చిన్న బుడిపెలుగా ఆగే దాకా వెంట పోవచ్చు. మరో విడత ఎలుకలు అక్కర్లేదని తేలినప్పుడు ఆ విద్యార్థినుల ముఖంలో కనిపించే నెమ్మది నాకు ఈ ఉద్యోగంలో దొరికే మంచి జీతాల్లో ఒకటి.

మన ల్యాబు సంగతి

ఈ చరిత్రలో నోబెల్ విజేతలున్నారు. వాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. బ్రస్సెల్స్‌లో "వేరే రక్తం ఇవ్వండి" అన్న విద్యార్థుల పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. వాళ్ళు అడగకపోతే ఆ సీసా ఫ్రీజర్‌లోనే ఉండిపోయేది. వాళ్ళ మాట విని, రాకూడని ఫలితాన్ని కొట్టిపారేయని గురువు లేకపోతే అది రికార్డులో ఒక తప్పుగా మిగిలేది. ప్రాషర్ జన్యువును పంచకపోతే ఆకుపచ్చ ఆలస్యమయ్యేది. మాస్కో వాళ్ళు వెలగని జీవులను చూడకపోతే ఎరుపు దొరికేది కాదు.

మన కాలంలో ప్రాక్టికల్స్ అంటే రికార్డు. అందరి రికార్డుల్లోనూ ఒకే రీడింగు, ఒకే బొమ్మ. రీడింగు తేడా వస్తే పక్కవాడిది చూసి సరిచేసుకునేవాళ్ళం. మార్కుల చట్రం అలాంటిది, అందులో పిల్లలనూ పంతుళ్ళనూ తప్పుపట్టి లాభం లేదు. కానీ యాభై ఏళ్ళ సంఘంగా మనం ఒక పని చేయవచ్చు. స్వర్ణోత్సవ నిధితో బడికి ఏం కొనివ్వాలన్న చర్చలో మైక్రోస్కోపుల మాట వచ్చిందని విన్నాను. కొనివ్వడం మంచిదే. వాటితో పాటు నెలకు ఒక పూట మార్కులు లేని ప్రాక్టికల్ కూడా పెట్టించమని నా మనవి. పిల్లలు తమకు నచ్చింది తెచ్చుకుని చూడాలి: చెరువు నీరు, మందార పుప్పొడి, చింతాకు, ఏదైనా సరే. వచ్చిన బొమ్మ పుస్తకంలో బొమ్మలా లేకపోతే దాన్ని కొట్టేయకుండా, కింద తేదీ వేసి అలాగే గీయాలి. ఆ పూటకు మైక్రోస్కోపుల లెన్సులు తుడిచి, సరిచేసి ఇవ్వడానికి సెలవుల్లో ఊరొచ్చినప్పుడు నేను వస్తాను. నాలాంటి వాళ్ళు మన బ్యాచుల్లో ఇంకా ఉంటారు, వాళ్ళూ చేయి కలపాలి.